నాలుగో ప్రశ్న

బాలమురళి ఎవరికి ఓటు వేస్తాడో ఆయన భార్యకు కూడా తెలియదు. పాతికేళ్లుగా సిడ్నీలో ఒక సర్వే కంపెనీలో పనిచేస్తున్నాడు. జనం ఏ బిస్కెట్ తింటారు, ఏ బ్యాంకును తిడతారు, ఏ ప్రధానమంత్రిని ఇంకో మూడేళ్లు భరిస్తారు, ఇవన్నీ ఫోన్లు చేయించి అడిగించి, నూటికి ఇంతమంది అని తేల్చడం ఆయన ఉద్యోగం. అడిగేవాడికి సొంత అభిప్రాయం ఉండకూడదని ఆయన గట్టి నమ్మకం. కూరలో ఉప్పు తక్కువైందా అని ఇంట్లో అడిగినా, "కొందరికి తక్కువనిపించొచ్చు" అంటాడు. ఆ మాటకు భార్య కుసుమ పళ్లు కొరుక్కోని రోజు లేదు.

ఇల్లు పెండిల్ హిల్‌లో, రైల్వే స్టేషన్‌కు పది నిమిషాల నడక. ఇంట్లో భార్యాభర్తలు, యూనివర్సిటీలో సైకాలజీ చదివే కూతురు గీతిక, బాపట్ల నుంచి తొమ్మిదేళ్ల కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఎనభై మూడేళ్ల తల్లి శారదాంబ. పగలంతా ముగ్గురూ బయటికి పోతే ఇంట్లో మిగిలేది ఆవిడొక్కతే.

ఉద్యోగం సంగతి అలా ఉంచితే, పడమటి సిడ్నీ తెలుగు సమితిలో ఆయన పేరు మైకు మురళి. ఇరవై రెండేళ్లుగా ఏ సభ జరిగినా అందరికంటే ముందు హాలుకొచ్చి వైర్లు పరిచేది ఆయనే, అందరూ భోంచేసి వెళ్లాక వైర్లు చుట్టేదీ ఆయనే. సమితి సామానంతా ఆయన గరాజ్‌లోనే పడి ఉంటుంది. అందువల్ల కుసుమ కారు ఎండకు ఎండి వానకు తడుస్తుంది. ఇంత చేసినా ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక్క కోరిక మాత్రం ఉంది, అదీ బయటపెట్టలేదు. ప్రతి ఉగాదికీ సమితి పెద్దలకు వేదిక మీద శాలువా కప్పి సన్మానం చేస్తుంది. ఎంతమంది సన్మానానికో మైకు సర్దిన మనిషి, ఏదో ఒక ఏడు తన భుజం మీదా ఆ శాలువా పడుతుందని అనుకున్నాడు. అనుకోవడంలో తప్పేముంది?

కిందటి ఉగాదికి ఆ వంతు వచ్చింది. పేరు జాబితాలోకి ఎక్కింది. తల్లికి చెప్పాడు, ఆవిడ బాపట్లకు ఫోన్లు చేసి బంధువులందరికీ చాటింది. సరిగ్గా అప్పుడే సమితి అధ్యక్షురాలు శ్యామసుందరి సన్మానాలు మొత్తం రద్దు చేసి పారేసింది.

ఈ శ్యామసుందరి సంగతి చెప్పాలి. వరంగల్ మనిషి, నలభై ఆరేళ్లు, ఆసుపత్రిలో నర్సు. మెత్తగా ఉంటుంది, చెప్పినట్టు వింటుంది అనుకుని పెద్దలే రెండేళ్ల కిందట ఆవిణ్ని ఏకగ్రీవంగా కుర్చీలో కూచోబెట్టారు. అక్కడే పప్పులో కాలేశారు. ఆరింటికి కార్యక్రమమని కార్డులో వేస్తే ఆరింటికే మొదలుపెట్టింది, హాల్లో ముప్పై మంది కూడా లేరు. ఎవరి ప్రసంగమైనా మూడు నిమిషాలు దాటితే గంట కొట్టింది. ఊరినుంచి వచ్చిన ఒక రాజకీయ నాయకుడికి కూడా కొట్టింది. ఆయన దండ మెడలో ఉండగానే కారెక్కి వెళ్లిపోయాడు. ఇక సన్మానాల గురించి అడిగితే, "గంటన్నర శాలువాలు కప్పుకుంట కూసుంటే, డ్యాన్సు చేసే పోరగాళ్లు తెర ఎనకనే నిద్రపోతున్నరు" అంది.

ఆవిడ మొదలుపెట్టిన పని ఒకటుంది. దాని పేరు పలకరింపు. పిల్లలు ఆఫీసులకు పోతే ఇళ్లలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల దగ్గరికి వారానికోసారి సమితి మనుషులు వెళ్లి ఓ గంట కూర్చుని కబుర్లు చెప్పి రావాలి. ముప్పై నాలుగు ఇళ్లు పంచుకున్నారు. శారదాంబ దగ్గరికి ప్రతి గురువారం మధ్యాహ్నం శ్యామసుందరే స్వయంగా వచ్చేది, ఆరోజు ఆవిడకు డ్యూటీ లేదు. బుధవారం రాత్రే శారదాంబ మర్నాటికి చీర తీసి కుర్చీ మీద పెట్టుకునేది.

సమితికి నాలుగు వాట్సాప్ గ్రూపులున్నాయి. నాలుగింటిలోనూ యుద్ధమే. ఒకరికి శ్యామసుందరి నియంత, ఇంకొకరికి ఇన్నాళ్లకు దొరికిన మనిషి. ఆవిణ్ని మళ్లీ గెలిపించాలా, సాగనంపాలా అన్న మాట లేకుండా ఆ వేసవిలో ఏ బార్బెక్యూ విందులోనూ పొయ్యి ఆరలేదు.

పోటీ పెట్టి ఓట్లు వేసుకోవచ్చు కదా అంటారేమో. మనవాళ్లు దేశాల ఎన్నికల గురించి తెల్లవార్లూ వాదించుకుంటారు గాని, సొంత సంఘంలో ఎన్నికంటే బెదిరిపోతారు. పదకొండేళ్ల కిందట ఒకసారి పోటీ పెడితే సమితి రెండుగా చీలి, ఒకే రోజు రెండు హాళ్లలో రెండు ఉగాదులు జరిగాయి. వియ్యంకుల మధ్య మాటల్లేకుండా పోయాయి. అప్పట్నుంచి ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. ముందే జనం నాడి చూస్తారు, బలం లేనివాళ్లు మర్యాదగా తప్పుకుంటారు, సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవమని చప్పట్లు కొడతారు. ఇదివరకైతే నలుగురు పెద్దలు కాఫీ తాగుతూ ఆ నాడి చూసేవారు. ఈసారి వాళ్లకే మాట కుదరలేదు.

ఆవిడ మీద పోటీకి సిద్ధమైనవాడు వాసుదేవరావు. ఏలూరాయన, రిటైరైన ఇంజనీరు, ఇంతకు ముందు రెండుసార్లు అధ్యక్షుడు. కమిటీ సమావేశంలో ఆయనే అన్నాడు, "మన మురళి ఉన్నాడుగా! దేశం మొత్తం నాడి చూసేవాడు, మన మూడొందల మంది నాడి చూడలేడా?" సగానికి తక్కువైతే ఆవిడ తప్పుకోవాలి, సగం దాటితే ఆయన నామినేషన్ వెయ్యకూడదు, ఇదీ షరతు. శ్యామసుందరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మురళన్న చేస్తే నాకు ఓకే. ఆయన నంబర్ ఎంతంటే అంత" అంది.

ఆ మాట బాలమురళికి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ప్రశ్నలు నాలుగే రాశాడు. సమితి కార్యక్రమాలు ఎలా ఉన్నాయి, పలకరింపు గురించి ఏమనుకుంటున్నారు, శ్యామసుందరి గారు మళ్లీ అధ్యక్షురాలిగా ఉండాలా, చివరగా నాలుగోది, సన్మానాలు ఆపేయడం మీద మీ అభిప్రాయం ఏమిటి. గీతిక, ఇంకో ఇద్దరు కలిసి ఫోన్లు మొదలుపెట్టారు. మొదటి వారంలో నూట ఇరవై మందిని అడిగారు. డెబ్బై ఒక్కరు ఆవిడే ఉండాలన్నారు. గ్రూపుల్లో అరిచేవాళ్లు అరుస్తూ ఉంటారు, నోరెత్తని వాళ్లు వేరే ఉంటారని ఆయనకు ఉద్యోగంలో తెలిసిన సంగతే. గెలుపు ఆవిడదేనని తేలిపోయింది.

ఆ ఆదివారం ఎవరో పొడుగు వైరు కావాలంటే గరాజ్‌లోకి వెళ్లాడు. స్పీకర్ల వెనక ఒక అట్టపెట్టె ఉంది. విప్పితే కిందటేడు కొని వాడని శాలువాలు, వాటి మీద ఒక జ్ఞాపిక. కొయ్య చట్రం, ఇత్తడి రేకు. సమితికి గొంతునిచ్చిన శ్రీ బాలమురళి గారికి అని దాని మీద చెక్కి ఉంది. అప్పటికే చేయించి, ఇవ్వకుండా ఆయన గరాజ్‌లోనే పడేశారన్నమాట. ఏడాదిపాటు దాని పక్కనే కారుకు దారిలేక తిట్టుకుంటూ తిరిగాడు. చదువుకుంటూ ఉంటే యాభై ఏడేళ్ల మనిషికి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూచుని నాలుగో ప్రశ్నను తీసి మొదట పెట్టాడు. ఒక్క అక్షరం మార్చలేదు. వరస ఒక్కటే మార్చాడు. కాని అది ఏం చేస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మనిషికి ముందు పంటినొప్పి గుర్తుచేసి, ఆ తర్వాత భోజనం ఎలా ఉందని అడిగితే ఏం చెబుతాడు? ఆఫీసులో ఇలాంటి పని చేసిన ఒక కుర్రాణ్ని ఆయనే ఒకసారి గదిలోకి పిలిచి కడిగేశాడు కూడా.

మర్నాడు గీతిక అడిగింది. "నాన్నా, క్వశ్చన్ ఫోర్ ఫస్ట్‌కి ఎందుకొచ్చింది?"

"అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు కదమ్మా."

"బట్ దట్ విల్ ప్రైమ్ దెమ్, రైట్? ముందే వాళ్ల మూడ్ మార్చేసినట్టు కదా? యూ టోల్డ్ మీ దట్ యువర్‌సెల్ఫ్."

"చెప్పింది చెయ్యవే."

గీతిక కాసేపు ఆయన మొహంలోకి చూసి, భుజాలెగరేసి ఫోను తీసుకుంది. కూతురు ఇంకొక్కసారి అడిగితే మార్చేసేవాణ్నేమో అని ఆయన తర్వాత సమాధానపడ్డాడు. తప్పు పిల్ల మీదికి కూడా కాస్త నెట్టి చూశాడు, అదేమీ నిలవలేదు.

మిగిలిన నూట ఎనభై మందిని కొత్త వరసలో అడిగారు. ఆవిడే ఉండాలన్నవాళ్లు అరవై ముగ్గురే. రెండు వారాల జవాబులూ కలిపితే మూడు వందలకు నూట ముప్పై నాలుగు. నూటికి నలభై అయిదు. అబద్ధం ఎక్కడుంది, అందరూ వాళ్ల నోటితో వాళ్లు చెప్పిందే కదా అనుకుంటూ ఆ అంకె రాశాడు. రాస్తుంటే అరచేతులకు చెమట పట్టింది. సిడ్నీలో ఫిబ్రవరి అంటే నడివేసవి, ఆ ఎండలనుకున్నాడు.

స్టేషన్ పక్క దోసెల హోటల్ మేడమీది గదిలో కమిటీ కూర్చుంది. నలభై అయిదు అనగానే వాసుదేవరావు టేబుల్ మీద వేళ్లతో తాళం వేశాడు. శ్యామసుందరి మాత్రం ప్లేటులో దోసె తుంచబోయి ఆగింది.

"నేను గెలుస్తననుకున్న" అంది చిన్నగా. తర్వాత తనే నవ్వింది. "పర్లేదు. జనానికి నచ్చలేదంటే నచ్చలేదు. థాంక్స్ అన్నా, నువ్వు మొహమాటపడకుండ చెప్పినవ్."

ఆవిడ థాంక్స్ చెప్పకుండా పోట్లాడి ఉంటే బాలమురళికి ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఆ వారంలోనే వాసుదేవరావు రెండు కబుర్లు పంపాడు. ఒకటి, వచ్చే ఉగాదికి సన్మానాలు మళ్లీ ఉంటాయి, మొట్టమొదటి శాలువా మన మైకు మురళికే. రెండోది, సర్వసభ్య సమావేశం అయ్యేదాకా సభ్యుల ఇళ్లకు వెళ్లడం ప్రచారం కిందికి వస్తుంది గనక, కమిటీలో ఎక్కువమంది మాట ప్రకారం పలకరింపు ఆపేస్తున్నాం. కొత్త కమిటీ వచ్చాక చూద్దాం. ఇలాంటి చూద్దాంలు ఎన్ని చూశారో సమితిలో పాతవాళ్లకు తెలుసు.

గురువారం వచ్చింది. శారదాంబ కుర్చీ మీది చీర కట్టుకుని, రెండు గ్లాసులు కడిగి బోర్లించి, వీధివైపు కిటికీ దగ్గర కూచుంది. శ్యామసుందరి రాలేదు. రాత్రి బాలమురళి వచ్చేసరికి రెండు గ్లాసులూ బోర్లించినట్టే ఉన్నాయి. రెండో గురువారమూ అంతే. పలకరింపు ఆపేశారని ఆయన చెప్పాడు గాని, ఎందుకు ఆపేశారో చెప్పలేక నీళ్లు నమిలాడు.

మూడో గురువారం ఇంటినుంచే పని చేస్తానని ఆఫీసులో చెప్పి, మధ్యాహ్నం టీ పెట్టుకుని తల్లి ఎదురుగా కూచున్నాడు. సర్వసభ్య సమావేశం ఇంక పది రోజులుంది. ఆవిడ టీ తాగింది. ఆయనా తాగాడు.

"ఆవిడతో గంటసేపు ఏం మాట్లాడేదానివే?" అని అడిగాడు.

"నీకెందుకురా?"

"నాతో మాట్లాడొచ్చుగా."

"నీతో ఏం మాట్లాడను? మీ నాన్న మీద నీ దగ్గర చాడీలు చెప్పుకోగలనా? నా కోడలి వంట గురించి చెప్పుకోగలనా? ఆ అమ్మాయి అన్నీ వినేది. వాళ్ల అత్త సంగతులు తనూ చెప్పేది. పడీ పడీ నవ్వుకునేవాళ్లం." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఒరే మురళీ, ఒక సంగతి చెబుతాను, తిట్టకు. ఆ పిల్ల రాకపోవడానికి కారణం నేనేరా."

"నువ్వేంటమ్మా?"

"మన గీతిక ఫోన్ చేసింది కదా, సమితి వాళ్లు ఏవో అడుగుతున్నారని. ఇంట్లోనే పై గదిలోంచి చేసింది, జాబితాలో నా పేరుంది గాబట్టి ఫోన్లోనే అడగాలంది. నేనూ దర్జాగా హలో అన్నాను. మొదటే సన్మానాల సంగతెత్తింది. ఎత్తగానే నువ్వే గుర్తొచ్చావు. బాపట్లంతా చెప్పుకున్నాను, మా వాడికి శాలువా కప్పుతున్నారని. తర్వాత అది రద్దయిందని వాళ్లకు చెప్పుకోవాల్సొచ్చి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో ఉండగానే, ఈవిడ మళ్లీ ఉండాలా అనడిగింది. వద్దు అనేశాను."

బాలమురళి తన గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఫోను పెట్టేశాక అనుకున్నాను, అయ్యో, నా పిల్లను నేనే వద్దన్నానే అని. మళ్లీ చెబుదామంటే గీతిక వేరేవాళ్లతో మాట్లాడుతోంది. ఆ అమ్మాయికి తెలిసిపోయుంటుంది. ఏ మొహం పెట్టుకుని వస్తుంది, పాపం? వారం వారం వచ్చి కాళ్లకు నూనె రాసేది. అలాంటిదాన్ని వద్దన్నానురా. రాత్రుళ్లు అదే గుర్తొస్తోంది."

ఎనభై మూడేళ్ల మనిషి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తండ్రి పోయిన రోజు కూడా ఆవిడ ఇంత చిన్నదై కనబడలేదు. ఆయన తప్పును మూడు వారాలుగా ఆవిడ మోస్తోంది. నూట ఎనభై మందిలో తల్లి ఒకతి ఉంటుందన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు, ఆయన చూసుకున్నది మొత్తం అంకె. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, ఆవిడ ఈ దిగులుతోనే పోతుంది. పరువు పోతే పోయిందనుకున్నాడు.

చెప్పాడు. అట్టపెట్టె సంగతి, జ్ఞాపిక సంగతి, నాలుగో ప్రశ్నను మొదటికి తెచ్చిన సంగతి. "నీ తప్పు కాదమ్మా. నీ నోట వద్దనిపించింది నేను" అన్నాడు.

శారదాంబ ఏడుపు ఆపింది. కొడుకును ఎగాదిగా చూసింది.

"అంటే నా ఉక్రోషం సంగతి నీకు ముందే తెలుసన్నమాట. దాన్ని వాడుకున్నావు."

"అవునమ్మా."

"ఆ పిల్లకు ఫోన్ చెయ్యి."

చేశాడు. తల్లి వినాలని స్పీకర్ పెట్టాడు. శ్యామసుందరి ఎత్తగానే, "అన్నా, అమ్మ మంచిగున్నదా? మోకాళ్ల నొప్పి తగ్గిందా? రానిస్తలేరు గాని నాకు మనసంతా అక్కడ్నే ఉంది" అంది. ఆయన కళ్లు మూసుకుని మొత్తం చెప్పేశాడు. అవతల ఎవరో నడుస్తున్న చప్పుడు, తలుపు మూసిన చప్పుడు వినిపించాయి.

"నీ నంబరని ఒక్క మాట అడగకుండ ఒప్పుకున్న అన్నా" అంది చివరికి. "శాలువా కావాలంటే నన్ను అడగొద్దా? నేనే తెచ్చి కప్పుదును గద."

"తప్పయిందమ్మా."

"నా ఒక్కదానికి చెప్తే ఏం లాభం? అందరికీ చెప్పు." ఫోను పెట్టేసింది.

బాలమురళి అక్కడే కూచుని సమితి నాలుగు గ్రూపుల్లోకీ ఒకే కబురు రాశాడు. ప్రశ్నల వరస కావాలని మార్చాను, మార్చకముందు నూట ఇరవైకి డెబ్బై ఒక్కరు శ్యామసుందరి గారినే కోరుకున్నారు, మార్చాక వచ్చిన నూట ఎనభై జవాబులూ చెల్లవు, వాళ్లందర్నీ సమావేశంలోపు నేనే మళ్లీ అడుగుతాను, నమ్మకపోతే ఇంకొకరు పక్కన కూచుని వినవచ్చు, ఉగాదికి నాకు శాలువా వద్దు. రెండుసార్లు చదివి పంపాడు. క్షణంలో వాసుదేవరావు దగ్గర్నుంచి ఫోను మోగడం మొదలుపెట్టింది. బాలమురళి ఎత్తలేదు. గ్రూపుల్లో ఒకరు సిగ్గులేదా అన్నారు, ఇంకొకరు ఈయన ఆఫీసువాళ్లకు చెప్పాలన్నారు. వాళ్లన్నదాంట్లో ఆయనకు కాదనడానికి ఏమీ కనిపించలేదు. ఫోను కింద పెట్టి పై గదిలోంచి సభ్యుల జాబితా, కలం తెచ్చుకున్నాడు.

"ముందు నన్ను అడుగు" అంది శారదాంబ.

"నీదెందుకమ్మా, నాకు తెలుసుగా."

"తెలుసనుకునేగా ఇంతదాకా తెచ్చావు? అడుగు. సరిగ్గా అడుగు."

ఆవిడ కుర్చీలో నిటారుగా సర్దుకుని, కొంగు భుజం మీదుగా లాక్కుంది. ఆయన మొదటి ప్రశ్న అడిగాడు, రెండోది అడిగాడు. పలకరింపు మాట దగ్గర ఆవిడ కిటికీ వైపు చూసింది. తర్వాత మూడోది అడిగాడు.

"శ్యామసుందరి గారు మళ్లీ అధ్యక్షురాలిగా ఉండాలా?"

"ఉండాలి."

నాలుగో ప్రశ్న ఆయన అడగలేక ఆగిపోయాడు. ఆవిడ వదల్లేదు, అదీ అడగమంది. సన్మానాలు ఆపేయడం మీద మీ అభిప్రాయం ఏమిటి అని తల దించుకుని అడిగాడు.

"మా వాడికి అందలేదని బాధగానే ఉంది. రాసుకో" అంది శారదాంబ.

రాసుకున్నాడు. జాబితాలో ఆవిడ పేరు ఎదురుగా గీత పెట్టాడు. ఇంకా నూట డెబ్బై తొమ్మిది మంది ఉన్నారు.